గొడ్డలి కాపాడిన వనము

ఇంగ్లండు దేశపు తూర్పు భాగమున సఫక్ అను మండలము కలదు. అచ్చట కొండలు లేవు, చెప్పుకొనదగిన పెద్ద నదులును లేవు. ఎటు చూచినను గోధుమ చేలు, బార్లీ చేలు, వాని నడుమ చెకుముకి రాతితో కట్టిన చర్చి గోపురములు. ఆ మండలములోని బరీ సెంట్ ఎడ్మండ్స్ పట్టణమునకు ఆగ్నేయముగా సుమారు ఏడు మైళ్ళ దూరమున బ్రాడ్‌ఫీల్డు వనము ఉన్నది. దాని విస్తీర్ణము దాదాపు 200 ఎకరములు. నల్లమలను చూచిన కన్నులకు అది ఒక తోపు వలె తోచును. ఇంత చిన్న అడవిని చూచుటకు పనిగట్టుకొని పోవలెనా యని మిత్రులు మమ్ము ఎగతాళి చేసిరి. అది ఎట్లు నరకబడినదో, ఎట్లు పెరిగినదో తెలుపు చరిత్ర 1252వ సంవత్సరము నుండియు కలదని మేము బదులు చెప్పితిమి. ఓరుగల్లులో గణపతిదేవ చక్రవర్తి పాలించుచున్న కాలమది. ఇన్ని శతాబ్దముల దినచర్య గల అడవులు లోకమున ఎన్ని యుండును?

వనమునకు పోవుటకు ముందు మేము పట్టణమున ఆగితిమి. ఆగుటకు కారణము కలదు. 869లో డేనుల చేత హతుడైన ఎడ్మండు రాజు పేర, 1020లో కాన్యూటు రాజు ఇచ్చట ఒక మఠమును స్థాపించెను. అది ఇంగ్లండులోని మిక్కిలి సంపన్నములైన మఠములలో ఒకటి యయ్యెను. చుట్టుప్రక్కల గ్రామములపై దాని అధికారము ఎంత బరువైనదనగా, 1327లో పట్టణ ప్రజలు తిరుగబడి మఠద్వారమును కూల్చివేసిరి. ఇప్పుడు మనకు కనిపించు పెద్ద ద్వారము ఆ తరువాత కట్టినది. 1539లో ఎనిమిదవ హెన్రీ రాజు మఠమును రద్దు గావించెను. నాటి నుండి దాని రాళ్ళు పట్టణములోని ఇండ్లకు చేరినవి. చెక్కిన రాయి యంతయు ఒలుచుకొని పోగా, గోడల లోపలి చెకుముకి రాళ్ళును సున్నమును మాత్రము ఉద్యానవనములో చెదపుట్టల వలె నిలిచియున్నవి. పిల్లలు వాని చుట్టును దాగుడుమూతలు ఆడుచుండగా చూచితిమి. ఆ మఠమువారి ఆస్తులలో బ్రాడ్‌ఫీల్డు వనము ఒకటి. రాతితో కట్టినది కూలినది. పిలకలు వేయు కర్రతో కూడినది నిలిచినది. ఇదెట్లు సంభవించినదో చూడవలెననియే మా ప్రయాణము.

మేము వెళ్ళినది ఏప్రిలు నెల. ముందురోజు వాన కురిసినందున బంకమట్టి చెప్పులను పట్టి లాగుచుండెను. వనము అంచున మొదట కనిపించినది ఒక మట్టి కట్ట, దాని వెలుపల ఒక గుంట. ఇది మధ్యయుగపు పని యని, లేత పిలకలను పశువులు మేయకుండుటకు దీనిపై కంచె వేసెడివారని మాకు దారి చూపిన వనపాలకుడు చెప్పెను. కట్ట దాటి లోపలికి పోయినంతనే మాకు ఆశ్చర్యము కలిగినది. పురాతన వనమనగా ఊడలు దిగిన మహావృక్షములను, చీకటిని ఊహించుకొంటిమి. మా యెదుట నున్నదో, నేలబారుగా నరికివేసిన ఒక విశాలమైన చోటు! కట్టెల ప్రోగులు, పుల్లల మోపులు, కోసిన మోడులు. ఎవరో అడవిని పాడు చేసిరనియే భ్రమపడితిమి.

వనపాలకుడు నవ్వి వివరించెను. దీనిని వారు కాపిస్ పద్ధతి యందురు. యాష్, హేజెల్, ఆల్డర్ మొదలగు చెట్లను మొదలంట నరికినను అవి చావవు. మన రైతులు జామాయిలు తోటను నరికినపుడు మోడు నుండి పిలకలు లేచుట ఎరుగుదురు, ఇదియు అట్టిదే. ఆ పిలకలు కొన్ని యేండ్లకు వాసములగును. వానిని మరల నరకుదురు, మరల లేచును. వనమును తునకలుగా విభజించి, చలికాలమున ఒక తునకను, మరుసటి యేట మరియొక తునకను నరకుచు పోవుదురు. మొదటి తునక వంతు తిరిగి వచ్చునప్పటికి అది నరకుటకు సిద్ధముగా నుండును. ఇట్లు నరికిన కొలదియు చెట్టు ఆయువు పెరుగును. విడిచిన యాష్ చెట్టు రెండు మూడు వందల యేండ్లలో కూలిపోవును. నరికిన యాష్ మోడు మాత్రము ప్రక్కలకు విస్తరించుచు శతాబ్దములు బ్రతుకును. ఈ వనములో ఒక యాష్ మోడు అడ్డుకొలత 18 అడుగులకు మించినది. నడుమ భాగము కుళ్ళిపోయి, వలయాకారముగా మిగిలినది. దాని వయస్సు వేయి సంవత్సరములకు తక్కువ ఉండదని పండితుల అంచనా. అనగా మఠము పుట్టిననాడే అది మొలచియుండవచ్చును. దాని ప్రక్కన నిలిచి ముట్టుకొని చూచితిమి. నాచు పట్టిన మామూలు మొద్దు. చెప్పకపోయినచో దానిపై కూర్చుండి యుందుము.

ఈ కర్రతో ఏమి చేసెడివారు? చేయనిదేమి? పొయ్యిలోనికి కట్టెలు, గొర్రెల దొడ్డికి తడకలు, చిక్కుడు తీగెకు ఊతకర్రలు, ఇంటికప్పు గడ్డిని బిగించు పుల్లలు, పనిముట్లకు పిడులు. మన పల్లెలలో తడిక అల్లి మట్టి మెత్తినట్లే సఫక్ గ్రామములలో హేజెల్ పుల్లలల్లి మట్టి మెత్తి గోడలు కట్టిరి. అట్టి గోడలు గల పాత ఇండ్లు ఇప్పటికిని కలవు. దూలములకు మాత్రము ఈ కర్ర చాలదు. అందుకొరకు కాపిస్ నడుమ అక్కడక్కడ ఓక్ చెట్లను నరకక విడిచెడివారు. ఎకరమునకు పండ్రెండు చెట్ల చొప్పున విడువవలెనని 1543లో హెన్రీ రాజు శాసనమే చేసెను. మఠములను కూల్చిన చేయియే ఓక్ చెట్ల లెక్క వ్రాసినది.

ఇంగ్లండు అడవులను ఇనుప కొలుములును, ఓడల నిర్మాణమును తినివేసినవని చాలకాలము చరిత్రకారులు వ్రాయుచు వచ్చిరి. మనమును పాఠశాలలో అట్లే చదివితిమి. ఆ మాటను గట్టిగా ప్రశ్నించిన వాడు కేంబ్రిడ్జి పండితుడు ఓలివర్ రాకం (1939–2015). ఆయన మఠముల లెక్కపత్రములు చదువుటతో ఆగక, వనములలో తిరిగి కట్టలను, గుంటలను, మోడులను కొలిచెను. 1086 నాటి డూమ్స్‌డే లెక్కల ననుసరించి అప్పటికే ఇంగ్లండులో అడవి నూటికి పదునైదు పాళ్ళు మాత్రమే యని చూపెను. కొలిమి వానికి ప్రతి సంవత్సరము బొగ్గు కావలెను. అందుచేత అతడు వనమును పెంచుకొనును గాని నాశనము చేయడు. అడవిని వేళ్ళతో పెకలించినది నాగలి. ఈ వాదము మాకు సమంజసముగా తోచినది. బ్రాడ్‌ఫీల్డు కథయే దానికి సాక్ష్యము.

నరికిన చోట వెలుతురు నేలపై పడును. అంతవరకు నీడలో నిదురించిన మొక్కలు మరుసటి వసంతమున మేలుకొనును. మేము రెండేండ్ల క్రిందట నరికిన తునకలోనికి పోగా, నేలయంతయు తెల్లని అనిమోనీలతోను, లేత పసుపు ఆక్స్‌లిప్ పూలతోను నిండియుండెను. బ్రిటనులో ఈ ఆక్స్‌లిప్ సఫక్, ఎసెక్స్, కేంబ్రిడ్జి మండలములు కలియు చోట తప్ప పెద్దగా కానరాదు. దట్టముగా లేచిన చిన్న పిలకల నడుమ నైటింగేల్ పక్షి గూడు కట్టును. రేడియోకు ఆ పక్షితో పాత చుట్టరికము కలదు: 1924 మే నెలలో బి.బి.సి. వారు సర్రీ మండలపు తోట నుండి బియాట్రిస్ హారిసన్ అను విదుషీమణి చెల్లో వాద్యమును, నైటింగేల్ పాటను కలిపి ప్రసారము చేసిరి. నాడు పాడినది పక్షియా, పక్షిని అనుకరించిన కళాకారిణియా యను సందేహము 2022లో బయలుదేరినది. అది వేరు ముచ్చట. గత అర్ధ శతాబ్దమున బ్రిటనులో ఆ పక్షులు పదింట తొమ్మిది వంతులు తగ్గినవట. మాకు దాని పాట వినబడలేదు.

ఇరవయ్యవ శతాబ్దమున ఈ కర్ర నడుగువారు కరవైరి. బొగ్గు వచ్చినది, ఇనుప కంచె వచ్చినది. కొనువారు లేని వనమును భూస్వామి ఎంతకాలము ఉంచుకొనును? రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ఇటువంటి పురాతన వనములు అనేకములు దున్నబడినవి. అనేకములలో దేవదారు జాతి చెట్లు నాటబడినవి. బ్రాడ్‌ఫీల్డునకు ఒక అదృష్టము కలిగినది. సమీపమున వెల్నెతం గ్రామములో ఎండుగడ్డిని ప్రోగు చేయు పళ్ళకర్రలను తయారుచేయు చిన్న కర్మాగారము ఉండెను. దానికి యాష్ కర్ర కావలసియుండెను. ఆ కొలది బేరమే గొడ్డలిని ఆగకుండ ఉంచినది.

అదియును పూర్తిగా చాలలేదు. ఈ వనములో ఫెల్షం హాలు వనము, మంక్స్ పార్కు వనము అని రెండు భాగములు. రెండవది మఠాధిపతుల లేళ్ళ వనము. 1960 దశాబ్దమున దానిలో చాల భాగమును యంత్రములతో పెకలించి పొలముగా మార్చిరి. ఏడు వందల యేండ్లు నరికినను చావనిది కొన్ని వారములలో పోయినది. చుట్టుప్రక్కల గ్రామస్థులు ఆందోళన చేయగా మిగిలిన చెట్లను రక్షించుచు ఉత్తరువు వెలువడినది. 1970లో ప్రకృతి సంరక్షకుల సంఘము ఒకటి ఈ వనమును కొనివేసినది. ఇప్పుడు సఫక్ వన్యప్రాణి సంరక్షక సంస్థ వారు దీనిని పాలించుచున్నారు. మేము ఆ అంచున నిలిచి చూచితిమి. ఒకవైపు పూలు, మోడులు. మరియొకవైపు పచ్చని పైరు, ఒక్క చెట్టైన లేదు. ఆ పొలము అందముగానే యున్నది. తెలియనివారికి అచ్చట ఏదియు పోయినట్లు తోచదు.

ఇప్పుడు గుంటలు, కట్టలు చాలవు. లేళ్ళు పెరిగినవి, వానిలో చీనా దేశము నుండి తెచ్చిన మంట్‌జాక్ జాతియు చేరినది. నరికిన ప్రతి తునక చుట్టును ఎత్తైన కంచె వేయవలసి వచ్చుచున్నది. అంతకంటె పెద్ద చింత మరియొకటి. తూర్పు ఆసియా నుండి వచ్చిన ఒక బూజు తెగులు 2012లో బ్రిటనులో బయటపడినది. పొరుగున నున్న నార్ఫక్‌లోని ఆష్‌వెల్‌తోర్ప్ వనమున మొదట కనిపించిన చోట్లలో ఒకటి. అది యాష్ చెట్లను చంపును. గొడ్డలికి లొంగని మోడు బూజుకు లొంగునా యని అడిగితిమి. వనపాలకుడు వెంటనే బదులీయక, మమ్ము ఒక మోడు కడకు తీసికొని పోయెను. దాని పిలకలలో సగము చివరలు ఎండి నల్లబడినవి; మిగిలిన వానిపై మొగ్గలు బిగిసియుండెను. ఇక్కడ యాష్ చాల ఆలస్యముగా ఆకు వేయును గనుక మే నెలాఖరు వరకు ఏమియు చెప్పలేమనెను. తరువాత ప్రక్కనున్న హేజెల్ మోపులను కట్టుటకు వంగెను. చిక్కుడు తీగెల కాలము దగ్గరపడినదట. కొనువారు శనివారము వత్తురట.