కొండవీటి దుర్గము – విద్యార్థియాత్ర

గుంటూరునకుఁ బడమటనున్న కొండవీటి దుర్గమును జూచుటకుఁ బాఠశాలల బాలబాలికలు ఉపాధ్యాయులతోఁ గూడి పోవుచుందురు. అనవోతారెడ్డి యద్దంకినుండి రాజధాని నిచ్చటికి మార్చెను. పెదకోమటి వేమారెడ్డి యాస్థానమున శ్రీనాథ మహాకవి విద్యాధికారియై వెలసెను. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి దీనిని గైకొనెను. ఇదియంతయుఁ బాఠ్యగ్రంథములలోనిదే.

కాని శిథిలమైన బురుజులక్రింద బాలురు చెవియొగ్గి వినునది వేఱొక కథ. కడపటి రాజగు రాచవేమారెడ్డి పురిటిపన్ను విధించెననియు, అందులకు సైఁపక సవరము ఎల్లయ యాతనిఁ బొడిచి చంపెననియు నైతిహ్యము. ఆ రాచవేముఁడే తన తల్లి సూరాంబ త్రవ్వించిన సంతానసాగరమునకు నీరు పాఱుటకై జగనొబ్బగండ కాలువను ద్రవ్వించెనని 1415 నాఁటి అమీనాబాదు శాసనము చెప్పుచున్నది.

వీనిలో దేనిని నమ్మవలెను? శాసనము రాజు తన్ను గూర్చి తాను వ్రాయించుకొన్నది. కథ పన్ను చెల్లించినవారి నోట నిలిచినది. ఒకదానిలో జమ, వేఱొకదానిలో ఖర్చు కానవచ్చును. రెండును జూడనిదే లెక్క తేలదు. కావున నుపాధ్యాయులు కథను మాన్పింపక, శాసనమును గూడ వినిపింపవలెను. కొండ దిగివచ్చిన బాలుఁడు సందేహముతో గ్రంథాలయపు గడప త్రొక్కెనేని ఆ యాత్ర సఫలము.