చూసినదీ, గుర్తున్నదీ

పుట్టపర్తికి సొంత రైల్వే స్టేషను 2000 సంవత్సరంలో వచ్చింది. అంతకు ముందు ప్రశాంతి నిలయానికి వెళ్ళదలచినవారు ధర్మవరంలోనో, పెనుకొండలోనో, హిందూపురంలోనో రైలు దిగి బస్సు పట్టుకునేవారు. మన ప్రాంతపు పెద్దలను అడగండి, ఆ బస్సుల రద్దీని ఇప్పటికీ వర్ణించి చెబుతారు.

1970లలో ఆ ఊరికి వచ్చినవారిలో ఇద్దరు విదేశీ మనోవిజ్ఞానులున్నారు. ఒకరు ఐస్‌లాండుకు చెందిన ఎర్లెండర్ హరాల్డ్‌సన్, రెండవవారు లాత్వియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కార్లిస్ ఓసిస్. సత్యసాయిబాబావారి చేతిలో వస్తువులు ప్రత్యక్షమవుతున్నాయన్న మాట విని వారు వచ్చారు. తాము పెట్టిన నియమాలకు లోబడి, ప్రయోగ పద్ధతిలో చూపమని కోరారు. బాబావారు అందుకు అంగీకరించలేదు. తాము స్వయంగా చూసిన సంగతులను వారిద్దరూ 1977లో ఒక పరిశోధన పత్రికలో ప్రకటించారు. హరాల్డ్‌సన్ అంతటితో ఆగక పలుమార్లు వచ్చి, 1940ల నాటి తొలి భక్తులను సైతం వెదికి పట్టుకుని, వారి సాక్ష్యాలతో 1987లో ఒక గ్రంథం వెలువరించారు.

సరిగ్గా ఇక్కడే మనోవిజ్ఞానంలోని ఒక పాత వివాదం తలెత్తుతుంది. ముప్పై ఏళ్ళ నాటి సంఘటనను నిజాయితీపరుడైన సాక్షి చెప్పినప్పుడు ఎంతవరకు నమ్మవచ్చు? సాక్షి అబద్ధమాడుతున్నాడా అన్నది ఇక్కడ ప్రశ్న కాదని పాఠకులు గమనించాలి.

1880లలోనే ఇంగ్లండులో ఎస్. జె. డేవీ అనే యువకుడు దీనిని పరీక్షించాడు. ఆత్మలు పలకపై వ్రాస్తాయని చెప్పుకునేవారి ప్రదర్శనలను తాను గారడీగా చేసి చూపి, చూసినవారి చేత జరిగినది వ్రాయించాడు. గారడీకి ఆయువుపట్టైన కదలికలను పలువురు అసలు వ్రాయనే లేదు. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కారు ప్రమాదాల చిత్రాలు చూపి, వేగం ఎంత అని అడిగారు. కార్లు తగిలినప్పుడు ఎంత వేగం అన్న ప్రశ్నకు సగటు జవాబు గంటకు 31.8 మైళ్ళు. నుజ్జునుజ్జయినప్పుడు ఎంత వేగం అన్న ప్రశ్నకు 40.8. వారి మరొక ప్రయోగంలో, నుజ్జునుజ్జు అన్న మాట విన్న 50 మందిలో 16 మంది వారం తరువాత పగిలిన గాజు చూశామన్నారు. ఆ చిత్రంలో గాజు పగలనే లేదు.

వివాదంలో రెండవ పక్షం కూడా మనకు దూరం కాదు. హిందూపురం దాటగానే వచ్చే గౌరిబిదనూరు తాలూకా హోసూరులో పుట్టిన హెచ్. నరసింహయ్య భౌతిక శాస్త్రవేత్త, గాంధేయవాది. బెంగుళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉండి 1976లో మహిమల పరిశీలనకు ఒక సంఘాన్ని వేశారు. బాబావారికి ఉత్తరాలు వ్రాశారు. పరీక్ష మాత్రం జరగలేదు. ఇంద్రియాలకు అతీతమైన దానిని శాస్త్రం ఎలా కొలుస్తుందని భక్తులు, కొలవనిదాన్ని శాస్త్రం ఎలా ఒప్పుకుంటుందని నరసింహయ్య. నా మొగ్గు నరసింహయ్య వైపే అయినా, ఒప్పించలేమని తెలిసీ ఏళ్ళ తరబడి నోటుపుస్తకం పట్టుకు తిరిగిన హరాల్డ్‌సన్ ఓపికను తీసిపారేయలేను.

వైద్యుడికి ఈ చర్చతో పనేమిటంటారా? పచ్చకామెర్లకు పసరు పోయించుకుని నయమైన వందలాది మందిని నా వృత్తికాలంలో చూశాను. వారు చెప్పింది నిజమే. పసరు తాగారు, తగ్గింది. కలుషిత నీటి వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. తగ్గినవాడు పదిమందికి చెబుతాడు. పిత్తనాళం మూసుకుపోయి, పసరు మీద పసరు తాగి, నెలలు గడిచాక వచ్చినవాడి మాట ఊళ్ళో ఎవరూ చెప్పుకోరు.

1947లో బ్రిటనులో క్షయకు స్ట్రెప్టోమైసిన్ పరీక్షించినప్పుడు, ఎవరికి మందు ఇవ్వాలో వైద్యుల ఇష్టానికి వదలక యాదృచ్ఛిక సంఖ్యలతో నిర్ణయించారు. ఆరు నెలల్లో మందు తీసుకున్న 55 మందిలో నలుగురు, పడక విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 మంది చనిపోయారు. నాకు ఎక్కువగా గుర్తుండేది మరొక అంకె. మందు అందని ఆ 52 మందిలోనూ నలుగురికి ఎక్స్‌రేలో గణనీయమైన మెరుగు కనిపించింది. ఆ నలుగురికీ ఎవరైనా ఏదో ఒక పసరు పోసి ఉంటే, జీవితాంతం దాని పేరే చెప్పుకునేవారు.