గచ్చిబౌలి కంటే ముందే

హైదరాబాద్‌కు బ్యాడ్మింటన్‌లో ఇంత పేరు ఎలా వచ్చిందని అడిగితే చాలామంది గచ్చిబౌలి వైపే చెయ్యి చూపిస్తారు. అక్కడి ఇండోర్ స్టేడియం 2002 జాతీయ క్రీడల కోసం కట్టింది. 2009 ఆగస్టులో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు అందులోనే జరిగాయి. అయినా సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూస్తే కథ మరోలా కనిపిస్తుంది. కోచ్ ఎస్.ఎం. ఆరిఫ్ శిష్యుడు గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచింది 2001లో, జాతీయ క్రీడలకు ముందే. సైనా నెహ్వాల్ శిక్షణ మొదలైంది నగరం నడిబొడ్డున, ఒకప్పటి ఫతే మైదాన్‌లో, అంటే నేటి లాల్ బహదూర్ స్టేడియంలో, కోచ్ నాని ప్రసాద్ దగ్గర. సింధు తొలి పాఠాలు నేర్చింది సికింద్రాబాద్‌లోని రైల్వే సంస్థ కోర్టుల్లో, మెహబూబ్ అలీ దగ్గర. ఈ ఇద్దరికీ ఆట అబ్బింది ప్రభుత్వ సొమ్ముతో కట్టిన మామూలు కోర్టుల్లో, రోజూ తలుపులు తెరిచి ఉండే చోట. నగరానికి ఆటను ఇచ్చింది పెద్ద పోటీ కాదు, ఆ రోజువారీ సాధన.

ఈ ఆటకు పైకప్పు విలాసం కాదు. పదహారు ఈకల షటిల్ బరువు అయిదు గ్రాములకు అటూఇటూ. కిటికీలోంచి చిన్న గాలి తోసుకొచ్చినా గీత లోపల పడాల్సింది బయట పడుతుంది. ఆరుబయట ఎంత ఆడినా గురి కుదరదు. అందుకే పిల్లలకు అందుబాటులో ఉన్న ఒక్క హాలు కూడా అంత విలువైనది. ఛాంపియన్లను తీర్చిదిద్దింది గోపీచంద్ అకాడమీయే కదా అనవచ్చు. ఆ అకాడమీ చేసిన మేలు చాలా పెద్దది, దాన్ని తగ్గించి చెప్పడం అన్యాయం. కానీ అది మొదలైంది 2008లో, అదీ ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో. అక్కడికి చేరే పిల్లకు అంతకు ముందే ఎవరో రాకెట్ పట్టుకోవడం నేర్పి ఉండాలి. పెద్ద క్రీడలు రాకపోతే స్టేడియాలకు డబ్బెక్కడిదన్న మాటలోనూ నిజముంది. 2002 లేకుంటే గచ్చిబౌలి లేదు. అయితే అదే హాల్లో తర్వాత ప్రో కబడ్డీ కూడా జరిగింది. ఇలా బహుళ ప్రయోజన హాలుకు వచ్చే ప్రతి కార్యక్రమానికీ కోర్టు మీది మ్యాట్లు చుట్టి, కుర్చీలు వేయాలి. అన్ని రోజులూ సాధన ఆగుతుంది. ఆ నష్టం ఏ లెక్కల పుస్తకంలోనూ కనిపించదు.

కొత్త స్టేడియాలకు పునాదిరాళ్లు వేసేవారిని ఒకటే అడగాలి: ఉదయం, సాయంత్రం బ్యాచ్‌ల వేళలు, ఫీజు ముందు తేల్చండి. ఆ వేళలు పిల్లలకు వదిలేశాకే మిగతా కార్యక్రమాలకు తేదీలు ఇవ్వండి.