కలము పట్టిన నల్లవారు

సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని కార్యదర్శిగారు కోరగా మేము ఈ సంగతి ఎన్నుకున్నాము. అందుకు ఒక కారణం కలదు.

గడచిన మాఘమాసంలో మా చెల్లెలికి ఒక సంబంధం వచ్చింది. పెద్దలు వచ్చారు, పిల్లను చూశారు, ఫలహారం చేసి వెళ్ళారు. వారం తిరక్కుండానే "పిల్ల బుద్ధిమంతురాలే గాని కాస్త నలుపు" అని కబురు పంపారు. ఆమె చదువు ఎంత, పాట ఎట్టిది అని వారిలో ఒక్కరూ అడిగినవారు కారు. పార్సెలు ఆఫీసులో పనిచేసే మాకు, పైన చుట్టిన గోనెను చూచి లోపలి సరుకుకు విలువ కట్టరాదని మాత్రం తెలుసు. ఆ రోజులలోనే అరబ్బుల చరిత్ర చదువుతుండగా కొందరు నల్లవారి పేర్లు మా కంటబడ్డాయి.

నల్లజాతివారు అనగానే దక్కను చరిత్ర విన్నవారికి మలిక్ అంబర్ గుర్తుకు వస్తాడు. ఆఫ్రికాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, చివరకు అహమ్మదునగరు రాజ్యాన్నే నడిపి 1626లో కన్నుమూసిన వీరుడాయన. కత్తి పట్టినవాని పేరు మనదాకా వచ్చింది. ఆయనకు ఎన్నో వందల ఏండ్ల ముందే ముస్లిం రాజ్యాలలో విద్యతో పేరు తెచ్చుకున్న నల్లవారు ఉన్నారు. వారి సంగతి మనలో వినినవారు అరుదు.

వారిలో ఒకరు అతా ఇబ్న్ అబీ రబాహ్. యెమెన్ దేశంలో పుట్టి మక్కాలో పెరిగాడు. మేని ఛాయ నలుపు, కాలు కుంటి, ముసలితనంలో చూపు కూడా పోయింది. అయినా ధర్మశాస్త్రంలో ఆయన మాటకు తిరుగు లేదు. హజ్ యాత్ర రోజులలో అతా తప్ప మరెవ్వరూ ధర్మనిర్ణయం చెప్పరాదని ఉమయ్యద్ ప్రభువులు చాటింపు వేయించారని పాత చరిత్రకారులు వ్రాశారు. సుమారు 733లో ఆయన గతించాడు.

మక్కాలోనే సయీద్ ఇబ్న్ మిస్జహ్ అనే నల్లని గాయకుడు ఉండేవాడు. 683 నాటి ముట్టడిలో కాబా కాలిపోగా మరుసటి ఏడు దానిని తిరిగి కట్టారు. ఆ పనికి వచ్చిన పారశీక తాపీ పనివారు పాడుకొనే పాటలు ఈయన చెవిని బడ్డాయని చెబుతారు. అంతటితో తృప్తిపడక సిరియాకు, పారశీకానికి వెళ్ళి అక్కడి బాణీలు నేర్చుకున్నాడు. తిరిగి వచ్చి, అరబ్బీ పాటకు పొసగినవి ఉంచుకొని పొసగనివి విడిచిపెట్టాడు. అరబ్బు సంగీతానికి తొలి పునాదులు వేసినవారిలో ఆయనను లెక్కిస్తారు.

ఇక మా మనసుకు బాగా దగ్గరయినవాడు బస్రా పట్టణపు జాహిజ్. సుమారు 776లో పుట్టాడు. అసలు పేరు అమ్ర్ ఇబ్న్ బహ్ర్. గ్రుడ్లు ఉబికి ఉన్నందున లోకం జాహిజ్ అని పిలిచింది. ఆయన తాత ఒంటెలు తోలుకొనే నల్లవాడని వారి కుటుంబీకుడే చెప్పినట్లు కలదు. చిన్నతనంలో కాలువగట్టున రొట్టెలు, చేపలు అమ్మాడు. పుస్తకాలు కొనే తాహతు లేక, పుస్తకాల అంగళ్ళు రాత్రికి అద్దెకు తీసుకొని తెల్లవార్లూ చదివేవాడట! అట్టి బీదవాడు జంతువులను గురించి ఏడు సంపుటాల గ్రంథం, పిసినారులను గురించి నవ్వించే గ్రంథం, ఇంకా ఎన్నో వ్రాసి అరబ్బీ వచనానికి పెద్ద దిక్కు అయ్యాడు.

ముతవక్కిల్ ఖలీఫా తన కుమారులకు చదువు చెప్పించుటకు ఈయనను పిలిపించి, ముఖం చూడగానే ఇష్టపడక పదివేల దిర్హములు ఇచ్చి పంపివేశాడని ఒక కథ ఉన్నది. అది చదివినప్పుడు మాకు మా ఇంటి పెళ్ళిచూపులే గుర్తుకు వచ్చాయి. మాకు దిర్హములు మాత్రం రాలేదు!

తెల్లవారికంటె నల్లవారు ఎందులో గొప్పవారో వివరిస్తూ జాహిజ్ ప్రత్యేకంగా ఒక పుస్తకమే వ్రాశాడు. నలుపు దేవుడు వేసిన శిక్ష కాదు, నేల వల్ల, నీటి వల్ల, ఎండ వల్ల వచ్చినదని ఆయన వాదం. నల్లరాతి నేలలో బ్రతికే మృగాలు, పక్షులు సైతం నల్లగానే ఉంటాయని సాక్ష్యం చూపాడు. ఆ పుస్తకంలోనే భారతీయులను కూడా నల్లవారి లెక్కలో చేర్చి, గణితానికి, జ్యోతిషానికి, వైద్యానికి, చదరంగానికి మనవారిని మెచ్చుకున్నాడు.

ఇంతమాత్రాన ఆ రాజ్యాలలో రంగు భేదం లేదని అనుకోరాదు. బస్రా చుట్టుపట్ల ఉప్పు పొరలు తవ్వి నేలను బాగుచేసే పనిలో వేలాది ఆఫ్రికా బానిసలు మగ్గిపోయారు. హిజ్రీ 255వ సంవత్సరంలో జాహిజ్ మరణించాడు. అదే సంవత్సరంలో, అంటే 869లో, ఆ బానిసలు తిరుగుబాటు లేవదీశారు. అది 883 వరకు సాగింది. ఒకే ఊరు, ఒకే నలుపు. ఒకరి చేతికి కలము దొరికింది, వేలమంది చేతికి పార దొరికింది. ఆ వేలమందిలో ఎందరు జాహిజులు ఉప్పునేలలోనే కలిసిపోయారో ఎవరు చెప్పగలరు?

ఈ వ్యాసం ముందుగా మా చెల్లెలికి చదివి వినిపించాము. అంతా విని, "అన్నయ్యా, పన్నెండు వందల ఏండ్ల క్రితం ఆ బస్రాలో కూర్చున్న మనిషి మనలను మెచ్చుకున్నాడా?" అని అడిగింది. మెచ్చుకున్నాడమ్మా అన్నాము.

పొరుగు రాష్ట్రంలో స్థిరపడిన మన కుటుంబాలకు సంబంధాలు కుదరడమే కష్టం. ఆ కష్టానికి తోడు రంగును కూడా అడ్డు తెచ్చుకొనవద్దని మా మనవి. ఈ కొత్త సంవత్సరంలో పెళ్ళిచూపులకు వెళ్ళే పెద్దలు పిల్లను ముందుగా ఏమి చదివినదో, ఏమి పాడగలదో అడుగుదురు గాక.