యోగక్షేమం: కరువుసీమ చెరువులు బోధించే శాంతి

అనంతపురం జిల్లా కంబదూరులో ప్రాచీనమైన మల్లికార్జునస్వామి ఆలయం ఉన్నది. ఒకప్పుడు హేమావతి రాజధానిగా నొళంబులు ఏలిన సీమ ఇది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డగిస్తాయి; ఈశాన్య పవనాలు ఇంత దూరం చేరేసరికి క్షీణిస్తాయి. ఏడాదికి సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇటువంటి నేలపై నివసించిన మన పూర్వులు మనశ్శాంతిని ఎట్లా సంపాదించుకొన్నారు?

భగవద్గీత తొమ్మిదవ అధ్యాయంలో భగవానుడు అనన్యభక్తుల యోగక్షేమాలను తానే వహిస్తానని అభయమిచ్చాడు. లభించనిదానిని పొందడం యోగమనీ, లభించినదానిని రక్షించుకోవడం క్షేమమనీ శంకర భగవత్పాదుల వ్యాఖ్యానం. భారం ఆయనదే అయినప్పుడు మనకు ప్రయత్నం దేనికి? ఈ సందేహానికి రాయలసీమ చరిత్ర శిలాక్షరాలతో సమాధానం చెప్పింది.

బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో పండమేరు వాగుకు కట్ట వేయించి బుక్కరాయసముద్రం చెరువును నిర్మించాడని జిల్లా చరిత్ర చెబుతుంది. మరి ఐదేండ్లకు, 1369లో, బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కడప సీమలోని పోరుమామిళ్ళలో తటాకం త్రవ్వించి, సంస్కృత శాసనం వేయించాడు. వేయి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల శ్రమ అందులో నమోదైనవి. చెరువుకు పన్నెండు సాధనాలనూ, ఆరు దోషాలనూ ఆ శాసనం పరిగణించింది. మొదటి సాధనం ధర్మపరుడైన రాజు, రెండవది జలశాస్త్రవేత్త, గట్టి నేల, తీయని నీటి నది, దృఢమైన రాతికట్ట, నిపుణులైన పనివారు తదితరాలు తక్కినవి. కట్ట నుండి నీరు ఊరడం, చవిటినేల, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం దోషాలలో కొన్ని.

ఈ జాబితాలో వర్షం లేదు. అది మానవుని చేతిలోనిది కాదు కనుక. మనిషి చేయవలసినదంతా చేసి, వానను దైవానికి విడిచిపెట్టాడు. ఈ విభజనయే శాంతికి మూలం. చేయదగినది చేయక దైవంపై వేయడం తామసం; చేతిలో లేనిదానికై దుఃఖించడం మోహం.

అయితే నిర్మాణం యోగం మాత్రమే, క్షేమం మిగిలియున్నది. అందుకే సప్తసంతానాలలో తటాకాన్ని చేర్చిన మన సంప్రదాయం దానిని బిడ్డవలె సాకుమన్నది. చెరువును నిర్మించిన, మరమ్మతు చేసిన వారికి దశబంధ మాన్యాలు ఏర్పడినవి. పూడిక తీయడం, తూములు చూడడం, కట్టపై చెట్లు మొలవనీయకుండడం నిత్యకృత్యాలు. బుక్కరాయసముద్రం కట్ట తెగినప్పుడు ముసలమ్మ ప్రాణత్యాగం చేసిందన్న గాథను మనం భక్తితో తలచుకొంటాము. ఆ త్యాగం మహోన్నతమే. కానీ మరొక ముసలమ్మ బలి కాకుండా ముందుగా కట్టను కాపాడడమే ఆమెకు నిజమైన నైవేద్యం. 1876-78 నాటి మహాక్షామం ఈ సీమను కబళించిన సంగతి మరువరానిది.

నేడు అనేక చెరువులు పూడి, ఆక్రమణలకు లోనైనవి. మనస్సు కూడా అట్టిదే. నిత్యజపం, మితవ్యయం, కొంత దానం, కొంత నిల్వ – ఇవి కష్టం రాకముందే వేసుకొనే కట్టలు. ఎండలో త్రవ్వినవానికే వానలో నిశ్చింత. మల్లికార్జునుని సన్నిధిలో వాన కోరుకొందాము. కోరుకొనే ముందు మన ఊరి తూమును ఒకసారి చూచి వద్దాము.