పట్టమును కొలువును

హిందూదేశమున కళాశాలా విద్యకును సర్కారు కొలువునకును పడిన ముడి విశ్వవిద్యాలయములకంటె పాతది. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ఒక ఉత్తరువు వెలువరించి, ఆంగ్లవిద్యాశాలలలో చదివి యోగ్యులనిపించుకొన్నవారికి ఉద్యోగములలో ప్రాధాన్యము నొసగవలెనని శాసించెను. కలకత్తా, బొంబాయి, చెన్నపురి విశ్వవిద్యాలయములు వెలసినది 1857లో. అనగా చదువు కుదురుకొనకముందే దాని ప్రయోజన మేమో నిర్ణయమైపోయినది. పిమ్మట నూరేండ్లకు పైగా యువకులు పడిన పాట్లకు బీజ మిచ్చటనే పడినదనుట అతిశయోక్తి కాదు.

కలకత్తా విశ్వవిద్యాలయపు మొదటి బి.ఏ. పరీక్ష 1858లో జరిగెను. నెగ్గినవారిద్దరే, వారికిని కొన్ని మార్కులు దయతో కలుపవలసివచ్చెను. ఆ యిద్దరిలో నొకరు బంకించంద్ర చట్టోపాధ్యాయులు. ఆ సంవత్సరముననే ఆయన డిప్యూటీ మేజిస్ట్రేటుగా నియుక్తులైరి. పట్టము చేతికందగనే కొలువు వాకిట నిలిచియుండిన కాలమది. పట్టభద్రులను వ్రేళ్ళపై లెక్కింపగలిగినన్నాళ్ళే ఆ మర్యాద చెల్లినది.

తెలుగునాట ఈ మోజు ఎట్టిదో 1892లో తొలిసారి ప్రదర్శింపబడిన కన్యాశుల్కము చాటుచున్నది. కొడుకు ఇంగ్లీషు చదువునకై అగ్నిహోత్రావధానులు డబ్బు ధారవోయుట, ఆ వెంకటేశము పరీక్ష తప్పుట చూచి ప్రేక్షకులు నవ్విరి గాని, తమ పిల్లలను మాత్రము ఆ బడికే పంపిరి. అందు వింత లేదు. భూమి యన్నదమ్ముల నడుమ ముక్కలగుచుండగా నెలజీతము ముక్కలు కాని యాస్తిగా తోచినది. ఆ నాటకకర్త గురజాడ అప్పారావుగారును బి.ఏ. పట్టభద్రులే.

1930 నాటి ఆర్థికమాంద్యముతో ఆ యాస్తి విలువ కూలినది. సంయుక్త రాష్ట్రములలో చదువుకొన్నవారి నిరుద్యోగమును విచారించుటకు తేజ్ బహదూర్ సప్రూ అధ్యక్షతన ఒక సంఘ మేర్పడి 1935లో నివేదిక నిచ్చెను. ఉస్మానియా పట్టభద్రుల కథ వేరు. 1918లో నెలకొనిన ఆ విశ్వవిద్యాలయము ఉర్దూలో బోధించెను. నైజాము కొలువున ఉర్దూయే రాజభాష గనుక అది వారికి అక్కరకు వచ్చినది. 1948 తరువాత ప్రభుత్వము మారి కచేరీలో ఇంగ్లీషు ప్రబలెను. చదువు అదే, తెలివి అదే, పట్టపు వెల మాత్రము మారెను. స్థానికుల కొలువులు పరుల పాలగుచున్నవని 1952లో ముల్కీ ఆందోళన చెలరేగుటకు గల కారణములలో ఈ యక్కసు కొంత కలదు.

స్వతంత్ర భారత ప్రభుత్వ మీ ముడిని విప్పజూడకపోలేదు. ఉద్యోగములకు పట్టము నిజముగా అవసరమా యని విచారించిన సంఘము 1956లో నివేదిక సమర్పించెను. ఉన్నతోద్యోగములకు పట్టము కావలెను గాని గుమాస్తాగిరికి దానిని నిబంధన చేయరాదన్నది దాని సారము. ఇది వివేకవంతమైన మాట. కాని వేలకొలది దరఖాస్తులు వచ్చిపడునపుడు వడబోతకు పట్టమువంటి సులభమైన జల్లెడ వేరొకటి లేదు. అధికారులు దానిని చేజార్చుకొనలేదు. ముప్పది యేండ్ల పిమ్మట 1986 జాతీయ విద్యావిధానమును, ఎన్నుకొన్న రంగములలో పట్టమును ఉద్యోగమునుండి విడదీయవలెనని మరల అదే పాట పాడెను.

ఇంత జరిగినను కళాశాలలు నిండుచునే యుండుట మూర్ఖత్వమని కొందరి యాక్షేపణ. బ్లాగ్, లేయార్డ్, వుడ్‌హాల్ అను ముగ్గురు ఆర్థికవేత్తలు భారత పట్టభద్రుల నిరుద్యోగముపై 1969లో ప్రచురించిన గ్రంథము దానికి సమాధానము. ఉద్యోగమునకై వేచియుండిన కాలమును లెక్కవేసినను చదివినవానికి పట్టము గిట్టుబాటే యని వారు తేల్చిరి. దేశమునకు నష్టమైనది ఇంటికి లాభమగుట ఇందలి చిక్కు. తండ్రులు లెక్క తెలియనివారు కారు.

అయినను వేచియుండుట యెట్టిదో లెక్కలలో కనబడదు. 1981లో వచ్చిన ఆకలి రాజ్యము చిత్రమున ఢిల్లీ వీథులలో తిరిగిన తెలుగు పట్టభద్రుడు తుదకు మంగలి కత్తెర చేపట్టుట రాజధానిలోని ఆంధ్ర కుటుంబములకు కేవలము కల్పనగా తోచియుండదు. నేటి శ్రామిక సర్వేలలోను నిరక్షరాస్యులకంటె పట్టభద్రులలోనే నిరుద్యోగుల పాలు హెచ్చు. చదువు లేనివానికి ఊరక కూర్చుండు స్తోమత లేకపోవుటయు అందొక కారణము. పండ్రెండవ తరగతి చాలునని స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ నడుపు గుమాస్తా పరీక్షకు నేటికిని పట్టభద్రులు బారులు తీరి కూర్చుండుచున్నారు.