ఎల్‌ఎస్‌డీ: పొలం లేని మత్తు, మారిన చట్టం

మాదకద్రవ్యాలపై ప్రశ్న రాగానే మనలో చాలామంది నల్లమందు, గంజాయి దగ్గరే ఆగిపోతాం. ఎల్‌ఎస్‌డీ కథ వేరు. దానికి పొలం అక్కర్లేదు, ప్రయోగశాల చాలు.

1938లో స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ దీన్ని తయారు చేశారు. దాని ప్రభావం 1943లో బయటపడింది. 1960లలో అమెరికాలో రహస్య తయారీ పెరిగింది. 1971 ఐక్యరాజ్యసమితి ఒప్పందం దీన్ని నియంత్రణలోకి తెచ్చింది.

మన 1857, 1878 నల్లమందు చట్టాలు, 1930 ప్రమాదకర మాదకద్రవ్యాల చట్టం ఇలాంటి రసాయనాల కోసం రాసినవి కావు. అందుకే 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం, 1986లో ఎన్‌సీబీ వచ్చాయి.

ఒక పోలిక గుర్తుపెట్టుకోండి. గంజాయికి వాణిజ్య పరిమాణం 20 కిలోలు, ఎల్‌ఎస్‌డీకి 0.1 గ్రాము. అది దాటితే శిక్ష 10 నుంచి 20 ఏళ్లు.

2023లో ఎన్‌సీబీ దాదాపు 15,000 ఎల్‌ఎస్‌డీ బ్లాట్లు పట్టుకుంది. ఆర్డరు డార్క్‌నెట్‌లో, చెల్లింపు క్రిప్టోలో. పొలానికి కాపలా పెట్టవచ్చు. కవరులో ఇమిడే కాగితం ముక్కకు ఎలా? అంతర్గత భద్రత జవాబులో ఈ మార్పునే చూపించండి. ఆ కవరు చేరేది మన వయసువాళ్లకే అన్నదీ మరవకండి.